దిగువన ఓటు, ఎగువన నోటీసు

దాళ్వాకు, అంటే రెండో పంట వరికి ముందు గోదావరి డెల్టాలో ఏటా ఒక లెక్క తేలాలి. ధవళేశ్వరానికి సహజంగా వచ్చే నీళ్లెన్ని, సీలేరు నుంచి వదిలేవెన్ని, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఎన్ని ఎకరాలకు అవి చాలుతాయి, వంతులు ఎప్పటినుంచి పెట్టాలి, కాలువలు ఎప్పుడు కట్టేయాలి. నీటిపారుదల సలహా మండలి సమావేశంలో కలెక్టరు, ఇంజనీర్లు, ప్రజాప్రతినిధులు, రైతుల తరఫువాళ్లు కూర్చుని ఈ లెక్క తేలుస్తారు. శివారు భూమికి నీరు ఎక్కకపోతే నిలదీయడానికి నీటి సంఘం అధ్యక్షుడు ఉంటాడు. ఆ కుర్చీని ఎవరో దయతలచి వేయలేదు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘం, డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ అని మూడు మెట్లు కట్టి, ఆయకట్టు రైతుకు ఓటు ఇచ్చింది. రికార్డుల్లో పేరు లేని కౌలుదారుకు ఆ ఓటు నేటికీ దక్కడం లేదు. అది డెల్టా సరిదిద్దుకోవలసిన లోపం. అయినా నీటిమట్టం మీద, విడుదల తేదీ మీద మాట చెల్లే వేదిక ఒకటంటూ దిగువన ఉంది.

ఇదే నీటికి ఎగువన ఉన్నవాళ్ల సంగతి వేరు. దాళ్వాను గట్టెక్కించే సీలేరు నీళ్లు ఒడిశా సరిహద్దులోని బలిమెల జలాశయం నుంచి కదిలి, గుంటవాడ, డొంకరాయి మీదుగా, 460 మెగావాట్ల దిగువ సీలేరు విద్యుత్ కేంద్రాన్ని తిప్పి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడతాయి. ఆ బలిమెల నీళ్లు చుట్టుముట్టడంతో మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ వైపు 151 ఊళ్లు రోడ్డు తెగిపోయి మిగిలాయి. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాటికి పడవే దారి. కోనసీమలో రెండో పంట పండిన దశాబ్దాలన్నీ ఆ ఊళ్లకు పడవ దశాబ్దాలు.

ఇప్పుడు పోలవరం వంతు. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, నిల్వ 194.6 టీఎంసీలు, విద్యుత్తు 960 మెగావాట్లు, కొత్త ఆయకట్టు 7.2 లక్షల ఎకరాలు. వీటికి తోడు ఇప్పటికే ఉన్న పది లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు స్థిరీకరణ. ముంపులోకి వెళ్లేది చాలావరకు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడివాళ్లలో కోయలు, కొండరెడ్లు ముఖ్యులు. కొండరెడ్లను కేంద్రం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చింది. ఈ ప్రాజెక్టులో ఆదివాసీల పాత్ర గురించి మాట వస్తే ‘గ్రామసభ పెట్టారా, లేదా’ అన్న ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. గ్రామసభ వాకిలి మాత్రమే. ఎవరిని లెక్కించారు, ఏ గీత వరకు లెక్కించారు, ఏ భూమి చూపించారు, జలాశయం నిండాక దాని అంచున ఎవరికి ఏ హక్కు మిగిలింది అన్నవన్నీ ఇంటి లోపలి గదులు. డెల్టా రైతుకు చట్టం వాకిలి తీసి లోపలి గదిలో కుర్చీ కూడా వేసింది. ముంపు మండలాలవారిని వాకిట్లోనే నిలబెట్టింది.

సమ్మతి ఎవరిది

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనుగానీ, తగిన స్థాయి పంచాయతీనిగానీ సంప్రదించాలని, పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం చెప్పింది. అందులోని ‘గానీ’ దగ్గరే కథ మలుపు తిరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించినప్పుడు ఆ అధికారాన్ని మండల పరిషత్తుకు అప్పగించింది. గూడెంలో తేలవలసిన మాట మండల కేంద్రానికి వెళ్లింది. మునిగే ఊళ్ల సభ్యులతోపాటు మునగని ఊళ్ల సభ్యులూ కూర్చునే చోట అది తేలుతుంది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. సంప్రదించినవాడు కాదన్న సమాధానం విని కూడా ముందుకు సాగిపోవచ్చు.

2013 భూసేకరణ చట్టం ఒక మెట్టు పైకెక్కింది. 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో సాధ్యమైనంతవరకు భూమి తీసుకోకూడదు. మరో దారి లేదని చూపించగలిగితేనే తీసుకోవాలి. అప్పుడూ ముందస్తు సమ్మతి ఉండాలి. కానీ ఇక్కడా ‘గ్రామసభ లేదా పంచాయతీలు’ అనే ఉంది. ఇంకో మినహాయింపు చాలామంది కంట పడదు. పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరైన సాగునీటి ప్రాజెక్టులకు ఈ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా వర్తించదని 6వ సెక్షన్ చెబుతుంది. ఊరి బతుకు ఎలా మారుతుందో ఊరివాళ్ల మధ్య కూర్చుని రాయవలసిన నివేదిక, ఎక్కువ ఊళ్లు ముంచే రకం ప్రాజెక్టులకే లేకుండా పోయింది. పర్యావరణ నివేదిక ఆ లోటు తీర్చదు. అది చేపనీ చెట్టునీ చూసినంత దగ్గరగా కుటుంబాన్ని చూడదు.

పోలవరం నడిచిన తీరులో ఈ సందులన్నీ కనిపిస్తాయి. 2005 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోనే జరిగింది. ముంపు తగిలే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో జరగలేదు. ఆ కారణంతోనే 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని కొట్టేసింది, దానిపై హైకోర్టు స్టే ఇచ్చింది. 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్, ఈ ప్రాజెక్టుకు తెలంగాణ సమ్మతి ఉన్నట్టే భావించాలని రాసింది. అదే ఏడాది ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు జనం రాష్ట్రం మారిపోయారు. ఏ రాష్ట్రంలో ఉంటారన్న ప్రశ్న ఆ ఊళ్లకు ఎవరూ ఓటుగా వేయలేదు.

ఊరిని నిజంగా అడిగితే ఏమవుతుందో ఒడిశాలోని నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గనుల ప్రశ్నను గ్రామసభలకే వదిలింది. 12 ఊళ్లు సభ పెట్టాయి, 12 ఊళ్లూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. అక్కడ మాట చెల్లడానికి మూడు సంగతులు కలిసొచ్చాయి. సభ ఊరి స్థాయిలో జరిగింది. జిల్లా జడ్జి సమక్షంలో జరిగింది. కాదనే అవకాశం నిజంగానే తెరిచి ఉంది. స్పిల్‌వే కాంక్రీటు సగం లేచాక పెట్టే సభకు ఆ మూడోది ఉండదు. అలాంటి చోట సభ చేయగలిగేది షరతులు బిగించడం. అది చిన్న పనేమీ కాదు, కాకపోతే పద్ధతిగా చేయాలి.

సభ ఎక్కడ చెడుతుంది

మొదటి చిక్కు స్థలం. ఒక పంచాయతీ కింద పదేసి గూడేలు ఉండే కొండ ప్రాంతంలో సభను పంచాయతీ కేంద్రంలో పెడితే, ముందుగా మునిగే ఏటి ఒడ్డు గూడెం నుంచి వచ్చేవాళ్లు తక్కువ. పీసా దృష్టిలో ఊరంటే ఒక ఆవాసం లేదా కొన్ని ఆవాసాల గుంపు. కాబట్టి గూడెం వారీ సభ కోరడం చట్టం లోపలి మాటే.

రెండోది కాగితం. సభకు ముందే ఊళ్లోకి రావలసినవి నాలుగు. ఏ ఎత్తు వరకు నీళ్లు వస్తాయో చూపే కాంటూరు గీత గీసిన పటం, సర్వే నంబర్ల జాబితా, కుటుంబాల జాబితా, పునరావాసానికి చూపించే స్థలం వివరం. ఇవి తెలుగులో ఉండాలి. కోయ మాట్లాడే గూడేల్లో కోయలో చదివి వినిపించాలి. సభ రోజున పటం గోడకు తగిలించి, సాయంత్రానికి తీర్మానం అడిగితే ఆ ఊరికి ఏమీ తెలిసినట్టు కాదు. ఎసైన్డు, పోడు, శ్మశానం, ఊరి దేవత గద్దె, పశువుల బయలు ఆ పటంలో ఏ రంగులో ఉన్నాయో చూసుకోవడానికే పది రోజులు పడుతుంది. పటంలో ‘ప్రభుత్వ భూమి’ అని పడినదానికి పరిహారం రాదు. ఊరి ఉమ్మడి ఆస్తి చాలావరకు ఆ పేరుతోనే పడి ఉంటుంది.

మూడోది సంతకం. హాజరు పట్టీ, తీర్మానం వేర్వేరు కాగితాల మీద ఉండాలి. హాజరుకు పెట్టిన వేలిముద్ర సమ్మతికి పెట్టినట్టు మారకుండా కాపాడేది ఆ ఒక్క జాగ్రత్తే. తీర్మానం పూర్తిగా రాశాక చదవాలి, చదివాక సంతకాలు తీసుకోవాలి, ఖాళీ వరుసలు అడ్డగీత కొట్టేయాలి, పేజీలకు నంబర్లు వేయాలి, ఒక ప్రతి ఊళ్లో ఉండిపోవాలి. అటవీ హక్కుల సభకైతే కోరం లెక్క కూడా ఉంది. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. తునికాకు కోతల్లోనో, వారపు సంత రోజునో సభ పెడితే ఈ కోరం నిలవదు. నిలవని సభ తీర్మానం కోర్టులో ఎవరికీ పనికిరాదు, ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ.

షరతులు రాయడంలోనే ఎక్కువ ఊళ్లు నష్టపోతాయి. ‘మంచి ఇళ్లు, మంచి భూమి ఇవ్వాలి’ అని రాస్తే అది కోరిక. ‘ఇల్లు 50 చదరపు మీటర్లకు తగ్గకూడదు, తాగునీటి గొట్టం, పట్టా చేతికి వచ్చాకే తరలింపు, భూమి ఫలానా గ్రామంలోని ఫలానా సర్వే నంబరులో’ అంటే అది షరతు. అధికారి బదిలీ అయినా షరతు బదిలీ కాదు.

పదిహేను అడుగుల్లో 85 వేల కుటుంబాలు

పోలవరంలో రెండు గీతలు ఉన్నాయి. 41.15 మీటర్ల కాంటూరు, 45.72 మీటర్ల కాంటూరు. ప్రభుత్వం ఇంతకుముందు చూపిన లెక్కల్లో మొత్తం నిర్వాసిత కుటుంబాలు 1,06,006. వాటిలో 41.15 లోపలివిగా మొదట చూపినవి 20,946, మిగతా 85,060 పై గీత కిందకు వస్తాయి. రెంటికీ ఎత్తు తేడా 4.57 మీటర్లు, అంటే పదిహేను అడుగులు. తర్వాతి సర్వేల్లో మరికొన్ని ఊళ్లు మొదటి దశలోకి వచ్చాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల వరకు నిల్వ చేసే దశకు నిధుల లెక్క ఖరారు చేసింది. అంటే పెద్ద సంఖ్యలో కుటుంబాలు ‘తర్వాత’ అనే మాట కింద ఉన్నాయి.

కాంటూరు గీతను నమ్ముకోవడంలో ఒక భౌతికమైన తప్పు ఉంది. నీళ్లు కదలకుండా నిలిచినప్పుడే జలాశయం పై ముఖం బల్లపరుపుగా ఉంటుంది. లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు అది ఎగువకు వాలుగా లేస్తుంది. ఆనకట్ట దగ్గర ఎంత మట్టం ఉంటే పైన కూనవరం దగ్గర అంతకంటే ఎక్కువ ఉంటుంది. శబరి కూడా అదే సమయంలో పొంగితే దాని నీరు వెనక్కి తన్నుతుంది. వెనక్కి తన్నే ఈ నీటినే బ్యాక్‌వాటర్ అంటారు. దానికి ప్రత్యేకంగా లెక్క కట్టాలి, కాంటూరు పటం ఆ పని చేయదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు ఊళ్లు మునిగాయి. ఆ మునిగినవారిలో ఎంతోమంది కాగితాల మీద ఇంకా ముంపు బాధితులు కారు. ఇల్లు నీళ్లలో ఉంది, పేరు జాబితాలో లేదు.

ఊళ్లు ఇక్కడ అడగవలసింది ఒక పత్రం. ఏ వరదకు, అంటే ఎన్ని లక్షల క్యూసెక్కులకు, ఏ ఊరి దగ్గర నీటిమట్టం ఎంత ఉంటుందో చెప్పే బ్యాక్‌వాటర్ పట్టిక. దాంతోపాటు ఊళ్లోనే, బడి గోడ మీదో రచ్చబండ దగ్గరో, ఆ మట్టం గుర్తు వేసిన రాయి. మీటర్లు అర్థం కాని అవ్వకు కూడా రాయి అర్థమవుతుంది.

కుటుంబాల సంఖ్య ఎలా పెరిగిందన్నదీ తెలుసుకోదగ్గదే. తొలి అంచనా 276 గ్రామాల్లో 44,574 కుటుంబాలు. అది లక్ష దాటడానికి ఊళ్లు కలవడం ఒక కారణం, కుటుంబం అనే మాటకు అర్థం మారడం మరో కారణం. 2013 చట్టంలో పెళ్లయినా కాకపోయినా, ఆడైనా మగైనా, మేజరైన ప్రతి మనిషీ విడి కుటుంబమే. భర్త పోయిన స్త్రీ, విడాకులు పొందిన స్త్రీ, వదిలేసిన స్త్రీ కూడా విడి కుటుంబాలే. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సర్వేలో జారిపోయేది ఎక్కువగా ఆడపిల్లలు. ‘రేపు పెళ్లయి పోయేదే కదా’ అని ఎన్యూమరేటరు తండ్రి పేరు కిందే రాసేస్తాడు. ఇంకో పెద్ద గాయం కటాఫ్ తేదీ. సర్వే జరిగిన ఏడాది పదకొండేళ్లున్న పిల్లవాడు, ప్రాజెక్టు ఆలస్యమై తరలింపు వచ్చేసరికి పెళ్లయి పిల్లలతో ఉంటాడు. లెక్కలో మాత్రం ఇంకా మైనరే. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం అతనిది. కటాఫ్‌ను అసలు తరలింపు ఏడాదికి జరపాలన్న డిమాండు పూర్తిగా న్యాయమైనది.

డబ్బు లెక్క కూడా విప్పి చూడాలి. ఈ ప్రాజెక్టులో గిరిజనేతర కుటుంబానికి 6.36 లక్షలు, గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు అని వినిపించే అంకెలు ఎవరో బేరమాడి తెచ్చినవి కావు. 2013 చట్టం రెండో షెడ్యూలు కూడికే. ఉద్యోగానికి బదులు 5 లక్షలు, ఏడాదిపాటు నెలకు 3,000 చొప్పున 36,000, రవాణాకు 50,000, పునరావాస భత్యం 50,000. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి అదనంగా ఇంకో 50,000. ఈ కూడిక తెలిస్తే రెండు విషయాలు బయటపడతాయి. అందులో భూమి ధర లేదు, ఇల్లు లేదు, పశువుల కొట్టానికి ఇచ్చే కనీసం 25,000 లేదు, అవన్నీ విడిగా రావాలి. రెండోది, అడవిని పోగొట్టుకుని షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే కోయ కుటుంబానికి ఈ కూడికలో చట్టం కట్టిన అదనపు విలువ యాభై వేలు. ఇప్పపువ్వు, వెదురు, అడ్డాకు, చింతపండు, ఏటి చేప కలిపి ఒక ఇంటికి ఏటా ఇచ్చేదాని పక్కన పెట్టి చూస్తే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది.

ముందు హక్కు, తర్వాతే పరిహారం

2013 చట్టంలో ‘భూ యజమాని’ అన్న మాటలో అటవీ హక్కు పొందినవారూ ఉన్నారు. ఊళ్లలో ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా అని పిలిచే ఆ కాగితం ఉన్న పోడు రైతు పరిహారం లెక్కలో యజమాని. అది లేనివాడు ఆక్రమణదారు. ఒకే పొలం, ఒకే నాగలి, తేడా ఆ కాగితమే. 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగులో ఉంటే నాలుగు హెక్టార్ల వరకు హక్కు వస్తుంది. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ ఐదో ఉపవిభాగం స్పష్టంగా చెబుతుంది. అందుకే పనుల వరుస కీలకం. ముందు అటవీ హక్కుల దరఖాస్తులు తేలాలి, ఆ తర్వాతే భూసేకరణ నోటిఫికేషన్. వరుస తిరగబడితే దరఖాస్తు ‘ముంపు ప్రాంతం’ అన్న మాటతో పక్కకు పోతుంది.

వ్యక్తిగత హక్కు కోసం ఫారం ‘ఎ’ పెట్టిన ఊళ్లు ఎక్కువ. ఉమ్మడి హక్కుల ఫారం ‘బి’, ఊరి అడవి మొత్తానికి ఫారం ‘సి’ పెట్టినవి తక్కువ. దీనివల్ల కలిగే నష్టం వెంటనే కనిపించదు. ఫారం ‘బి’లో చేపలు, నీటి వనరులు కూడా రాయవచ్చు. గోదావరిలో, శబరిలో, వాగుల్లో వలవేసే హక్కు ఊరికి ఉందని అలా నమోదైతే, 2013 చట్టం 41వ సెక్షన్ పదో ఉపవిభాగం అక్కరకొస్తుంది. నదిలో, చెరువులో చేపల హక్కు ఉన్న గిరిజనులకు కొత్త జలాశయంలోనూ ఆ హక్కు ఇవ్వాలని అది చెబుతుంది. పాత హక్కు రికార్డులో లేకపోతే కొత్త హక్కు అడగడానికి కాలు మోపే చోటుండదు. సాక్ష్యాలు కనీసం రెండు కావాలి, వాటిలో ఒకటి పెద్దల వాంగ్మూలం కావచ్చు. కొండరెడ్ల ఊళ్లకైతే ఆవాస ప్రాంతం మొత్తానికి హక్కు కోరే వీలు కూడా ఈ చట్టంలో ఉంది.

భూమికి భూమి దగ్గర ఎదురయ్యే చిక్కులు డెల్టా రైతుకు వెంటనే అర్థమవుతాయి. సాగునీటి ప్రాజెక్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలని రెండో షెడ్యూలు చెబుతుంది. చూపించిన పొలం మీద మరొకరి సాగు ఉండటం, కోర్టులో కేసు ఉండటం, గట్టు లేని ఎర్రనేల కావడం, బోరుకు కరెంటు లైను లేకపోవడం మామూలు ఇబ్బందులు. పొలం చూపించారంటే సరిపోదు. సబ్‌డివిజన్ చేసిన సర్వే నంబరు, హద్దురాళ్లు, పొలం కొలతలు చూపే ఎఫ్ఎంబీ పటం, అడంగల్‌లో పేరు, పాసు పుస్తకం, ఈ ఐదూ చేతిలో ఉంటేనే పొలం ఉన్నట్టు. ఒక్కటి తగ్గినా బ్యాంకు అప్పు పుట్టదు, ప్రభుత్వ సాయం జమకాదు.

పునరావాస కాలనీ షెడ్యూల్డ్ ప్రాంతం లోపలా బయటా అన్నది మిగతా అన్నింటికంటే బరువైన ప్రశ్న. లోపలుంటే 1/70 చట్టం కాపలా కాస్తుంది, గిరిజనేతరుడు భూమి కొనలేడు. గీత దాటిన మరునాటి నుంచి ఆ కాపలా లేదు. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలు కొత్త చోటా కొనసాగాలని 42వ సెక్షన్ చెబుతుంది గానీ, పీసా గ్రామసభ మాత్రం గీత బయటకు వెంట రాదు. ‘అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఒకేచోట, గుంపుగా’ అన్న 41వ సెక్షన్ మాటను తీర్మానంలో మొదటి షరతుగా రాయాలనడం అందుకే.

పరిహారం ఎంతో ఖరారు చేసే ఉత్తర్వును అవార్డు అంటారు. దాని మీద అభ్యంతరం ఉంటే గడువు చూసుకోవాలి. అవార్డు ప్రకటించినప్పుడు ఎదురుగా ఉన్నవారికి ఆరు వారాలే. కొండ దిగి పట్నంలో వకీలును కలిసేసరికి ఆ గడువు దాటిపోతుంది. వంద ఎకరాలు, అంతకు మించిన సేకరణకు కలెక్టరు అధ్యక్షతన పునరావాస కమిటీ ఉంటుంది. అందులో ప్రభావిత ప్రాంతం నుంచి ఒక మహిళ, ఒక ఎస్సీ, ఒక ఎస్టీ ప్రతినిధి ఉండాలని 45వ సెక్షన్ చెబుతుంది. ఎనిమిది మండలాల గూడేలన్నిటికీ కలిపి చట్టం తప్పనిసరి చేసిన గిరిజన కుర్చీ ఒక్కటి. డెల్టాలో ఒక మేజరు కాలువ మీదే ఎన్ని నీటి సంఘాలున్నాయో గుర్తుచేసుకుంటే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

నిండిన తర్వాత

జలాశయం నిండాక దాని అంచు ఎవరిది? ప్రాజెక్టు నమూనాలో కనీస నీటిమట్టం 41.15, పూర్తి మట్టం 45.72. పూర్తి మట్టానికి నింపే రోజు వస్తే ఏటా వేసవికి మధ్యలోని పట్టీ కొంత మేర బయటపడుతుంది, ఒండ్రు కప్పుకున్న నేలగా. లంక పొలం విలువ తెలిసిన కోనసీమకు ఈ నేల ఏమిటో చెప్పక్కర్లేదు. మిరప, పొగాకు, కూరగాయలు వేసుకోదగ్గ ఆ పట్టీని ఏటా పాత ఊళ్లవాళ్లకే కౌలు లేకుండా ఇస్తామని ముందే రాసిపెట్టాలి. రాయకపోతే వేలం వస్తుంది, వేలంలో నిర్వాసితుడు గెలవడు.

చేపల సంగతిలో మధ్యప్రదేశ్‌లోని తవా జలాశయం చూడదగ్గది. అక్కడ నిర్వాసిత ఆదివాసీల సహకార సంఘాల సమాఖ్యకు 1996లో చేపల హక్కు దక్కింది. పదేళ్లు వాళ్లే పట్టారు, వాళ్లే అమ్మారు. 2006 చివర గడువు ముగిశాక అది నిలవలేదు. జలాశయంలో కొంత భాగం జాతీయ పార్కు పరిధిలోకి రావడం అక్కడ చిక్కుముడి అయింది. పోలవరానికి ఆనుకుని 2008 నుంచి పాపికొండల జాతీయ పార్కు ఉంది కనుక ఇదే ముడి ఇక్కడా పడవచ్చు. చేపల హక్కు పార్కు సరిహద్దును ఎలా దాటుతుందో నీళ్లు నింపకముందే తేల్చుకోవాలి. గడువుతో కూడిన లీజు అడగడం కంటే హక్కుగా నమోదు చేయించుకోవడం మేలన్నది తవా నేర్పిన పాఠం.

కరెంటు దగ్గరైతే మనదేశం చాలా వెనక ఉంది. 2008 జాతీయ జలవిద్యుత్ విధానం ప్రభావిత కుటుంబానికి పదేళ్లు నెలకు వంద యూనిట్లు, స్థానిక అభివృద్ధి నిధికి అదనంగా ఒక శాతం ఉచిత విద్యుత్తు అంది. కెనడాలోని ఒంటారియోలో 1,800 కిలోమీటర్ల వాటాయ్‌నికనేయప్ విద్యుత్ లైనులో 24 ఆదివాసీ సమూహాలకు 51 శాతం యాజమాన్యం ఉంది. మన దగ్గర వాటా ఆలోచన లేకపోలేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గనుల లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పెట్టాలంది. ఆ తీర్పు పుట్టింది మన అనంతగిరి మండలం నుంచే. గనికి ఒప్పుకున్న సూత్రం నీటికి ఎందుకు వర్తించకూడదో చెప్పగల కారణం ఏదీ కనిపించదు.

అన్నిటికంటే ముందు గేట్ల నిర్వహణలో మాట ఉండాలి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది అని లంక గ్రామాల్లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ అంకెల మీదే పడవలు, పశువులు, బియ్యం కదులుతాయి. జలాశయం అంచు గూడేలకు అలాంటి అంకెలు ఇంకా నోటికి రాలేదు. పోలవరం నలభై ఎనిమిది గేట్లు ఎంత మట్టం దగ్గర ఎత్తుతారు, వరదకు ముందు ఎంత ఖాళీ ఉంచుతారు అన్న నిర్ణయంలో దిగువ ఆయకట్టుకు ఒక ప్రయోజనం, ఎగువ గూడేనికి ఇంకోటి. దాళ్వాకు నీళ్లు కావాలి కాబట్టి నిండుగా ఉంచమంటుంది డెల్టా. వర్షాకాలం చివర ఇంకో వరద వస్తే మునుగుతాం కాబట్టి కొంచెం దింపమంటుంది కూనవరం. రెండూ న్యాయమైన మాటలే. ఒకదానికి మాత్రమే సమావేశంలో కుర్చీ ఉంది. 1997 చట్టం కింద ప్రాజెక్టు కమిటీలున్నట్టే జలాశయం అంచు గ్రామసభలు ఎన్నుకున్న కమిటీ ఒకటి ఉండాలి. సలహా మండలిలో దానికి సభ్యత్వం ఉండాలి, మట్టం రికార్డులో దాని అభిప్రాయం నమోదు కావాలి. ఆయకట్టు రైతులే దీన్ని అడిగితే త్వరగా జరుగుతుంది. వాళ్ల మాటకు ఇప్పటికే విలువ ఉంది.

ఈలోగా చూసుకోవలసిన తేదీ ఒకటి ఉంది. సాగునీటి ప్రాజెక్టులో భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. గోదావరికి ఎర్రనీళ్లు జులైలో వస్తాయి. ఆ జులైలో నీళ్లు నిలపాలంటే ఇల్లు, పట్టా, పొలం, డబ్బు జనవరికల్లా చేతిలో పడాలి. ఏ ఏడాది నీళ్లు నింపుతామన్నా, ఆ ఏటి సంక్రాంతి నాడు కాలనీకి వెళ్లి తాళం ఎవరి దగ్గరుందో, కొళాయిలో నీళ్లొస్తున్నాయో లేదో, పాసు పుస్తకంలో ఎవరి పేరుందో చూడాలి.